అర్థం కాకపోతే తప్పు మనదేనా?

కొత్త వస్తువు ఏది ఇంటికొచ్చినా అట్టపెట్టె అడుగున ఒక చిన్న పుస్తకం ఉంటుంది. మిక్సీ కావచ్చు, వాషింగ్ మెషిన్ కావచ్చు, నీళ్ళు శుభ్రం చేసే యంత్రం కావచ్చు. వస్తువు బిగించడానికి వచ్చిన అబ్బాయి నిలబడిన చోటే రెండు బటన్లు నొక్కి చూపించి, సంతకం పెట్టించుకుని వెళ్ళిపోతాడు. పుస్తకం మాత్రం వారంటీ కార్డుతో సహా బీరువాలో చీరల కిందికి చేరుతుంది. ఎప్పుడైనా ఎర్రలైటు వెలిగి ఆగకపోతే దాన్ని బయటికి తీస్తాం. చీమ తలకాయంత అక్షరాల్లో నాలుగైదు భాషలు ఉంటాయి. తెలుగు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఉన్న తెలుగైనా తెలుగులా ఉండదు. రెండు పేజీలు తిప్పి, "నాకిలాంటివి బుర్రకెక్కవు బాబూ" అని పక్కన పెట్టేస్తాం. ఇంట్లో మిగతావాళ్ళు ఆ మాటని వెంటనే ఒప్పేసుకుంటారు!

ఇక ఆ మాట అనడం మానేద్దాం అన్నదే నా మనవి. అర్థం కాకపోతే తప్పు చదివినవాళ్ళది కాదు, రాసినవాళ్ళది. ఆడవాళ్ళ మీద జాలితో నేనంటున్న మాట కాదిది. కంప్యూటర్ల గురించి పుస్తకాలు రాయడమే వృత్తిగా పెట్టుకున్నవాళ్ళు దశాబ్దాల కిందటే పరీక్షలు చేసి తేల్చుకున్న సంగతి.

పిన్ నంబరు ఎవరి చేతిలో?

మిక్సీ పుస్తకం అర్థం కాకపోతే వచ్చే నష్టం పెద్దదేం కాదు. చట్నీ కాస్త బరకగా వస్తుంది, అంతే. కానీ ఇప్పుడా పుస్తకం అట్టపెట్టెలోంచి ఫోనులోకి వచ్చేసింది. 2016లో యూపీఐ మొదలయ్యాక కూరగాయల బండి దగ్గర్నుంచి కరెంటు బిల్లు దాకా చెల్లింపులన్నీ ఫోనులోకే చేరాయి. గ్యాస్ బుకింగు, పిల్లల ఫీజు, రైలు టిక్కెట్టు, సంఘం వాయిదా, అన్నింటికీ ఒక యాప్. ఆ తెర మీద "ఇక్కడ నొక్కండి", "అనుమతించండి", "నిర్ధారించండి" అని కనిపించే ప్రతి మాటా ఒక సూచనే. విడిగా పుస్తకం లేదు. ఆ మాటలే పుస్తకం.

ఆ మాటలు అర్థం కాని మనిషి ఏం చేస్తుంది? ఫోను ఇంకొకరి చేతికిస్తుంది. ఇంటాయనకో, కొడుక్కో, అల్లుడికో, వీధి చివర సెల్‌ఫోను కొట్టు అబ్బాయికో. ఫోనుతో పాటు పిన్ నంబరు కూడా చెప్పేస్తుంది. రిటైరైన టీచరమ్మ కావచ్చు, భర్త పోయాక ఫ్యామిలీ పెన్షను అందుకుంటున్నావిడ కావచ్చు, డ్వాక్రా సంఘం లెక్కలు చూసే అమ్మాయి కావచ్చు. ఆడదానికి తన పేరు మీద ఒక ఖాతా ఉండాలని ఎన్నేళ్ళు మొత్తుకున్నాం! ఖాతా ఆవిడ పేరు మీదే ఉంది. తాళంచెవి మాత్రం ఇంకొకరి జేబులో ఉంది. ఆ జేబు మంచివాళ్ళదైతే అదృష్టం. కాకపోతే?

ఇంకో ముప్పు కూడా ఉంది. పాత మంచమో, సైకిలో అమ్ముతామని ప్రకటన ఇస్తాం. ఎవరో ఫోను చేసి, "కొనుక్కుంటాను, డబ్బు పంపుతున్నాను, మీ పిన్ నొక్కితే మీ ఖాతాలో పడుతుంది" అంటాడు. నొక్కితే పడదు, పోతుంది. యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ నొక్కాల్సిన పనే లేదు. ఎవరో పంపిన క్యూఆర్ కోడ్‌ని స్కాన్ చేయాల్సిన పనీ లేదు. ఈ ఒక్క ముక్క పిన్ అడిగే తెర మీదే పెద్ద అక్షరాల్లో, మన వాడుక తెలుగులో ఉంటే చాలు: "పిన్ కొడితే మీ డబ్బు బయటికి వెళ్తుంది." ఎంతమంది ఆగి ఆలోచించేవారు! డబ్బు ఇవ్వమని అడిగే "కలెక్ట్" పద్ధతిని మోసగాళ్ళు బాగా వాడుకోవడంతో, 2025 అక్టోబరు 1 నుంచి మామూలు మనుషుల మధ్య ఆ పద్ధతిని నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ ఆపించింది. మంచిదే. కానీ దారి మూసినంత మాత్రాన మోసగాడు ఊరుకోడు. క్యూఆర్ కోడ్ పంపి అదే కథ చెబుతాడు. (అలా డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి. ఈ నంబరు గోడ మీద రాసి పెట్టుకోండి.)

ఒక వాక్యం ఉండడానికీ లేకపోవడానికీ మధ్య ఇంత తేడా ఉంది. మరి ఆ వాక్యం రాసేదెవరు?

ఇదీ ఒక రచనే

కథలు రాసేవాళ్ళున్నట్టే సూచనలు రాసేవాళ్ళున్నారు. వాళ్ళని టెక్నికల్ రైటర్లు అంటారు. హైదరాబాద్, బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఇది నెలజీతం వచ్చే ఉద్యోగం. ప్రోగ్రాము రాసేవాళ్ళు తయారుచేసిన దాన్ని వాడేవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పడం వీళ్ళ పని. రాసేది దాదాపుగా ఇంగ్లీషులోనే.

ఈ పని చరిత్ర మొదటి పేజీలోనే ఒక ఆడమనిషి పేరుందని మీకు తెలుసా? ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ అనే ఆయన ఒక లెక్కల యంత్రాన్ని ఊహించాడు. దాని మీద ఇటలీకి చెందిన మెనబ్రియా ఫ్రెంచిలో ఒక వ్యాసం రాశాడు. ఎడా లవ్‌లేస్ అనే యువతి దాన్ని ఇంగ్లీషులోకి మార్చి, చివర తన వివరణలు చేర్చి 1843లో అచ్చువేయించింది. వివరణలు అసలు వ్యాసానికి దాదాపు మూడు రెట్లు! ఆ యంత్రం పూర్తిగా తయారు కాలేదు గానీ, దాన్ని ఎలా వాడాలో చెప్పిన రాతలు నిలిచిపోయాయి. కింద సంతకం చూస్తే పూర్తి పేరు లేదు, మూడు పొడి అక్షరాలు మాత్రమే.

నూరేళ్ళ తర్వాత అమెరికాలో గ్రేస్ హాపర్ వచ్చింది. లెక్కల ప్రొఫెసరు. రెండో ప్రపంచ యుద్ధంలో నౌకాదళంలో చేరితే, 1944లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని మార్క్ వన్ అనే కంప్యూటరు దగ్గర వేశారు. 51 అడుగుల పొడవున్న యంత్రమది. దానికొక వాడకం పుస్తకం కావాలన్నారు. 500 పేజీలు దాటిన ఆ పుస్తకం 1946లో వచ్చింది. అందులో ఎక్కువ భాగం రాసింది హాపరే. తర్వాత ఆవిడ ఇంకో అడుగు ముందుకేసింది. వ్యాపారం చేసుకునేవాళ్ళకి లెక్కల గుర్తులు రావు కాబట్టి, మామూలు ఇంగ్లీషు మాటలతో చెప్పినా యంత్రమే అర్థం చేసుకోవాలి అంది. అది కుదరదన్నవాళ్ళకి చేసి చూపించింది. కోబాల్ అనే కంప్యూటరు భాషకి దారి పడింది అక్కడే.

మనిషి యంత్రం దగ్గరికి వెళ్ళి దాని భాష నేర్చుకోవాలా? లేక యంత్రమే మనిషి దగ్గరికి రావాలా? హాపర్ ఈ ప్రశ్నకి డెబ్భై ఏళ్ళ కిందటే జవాబు చెప్పేసింది. మన తెలుగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ జవాబు ఇంకా ఎవరికీ గుర్తుకు రావడం లేదు.

లోపాలు కూడా చెప్పాలి

పెళ్ళిసంబంధం చెప్పేటప్పుడు మధ్యవర్తి అన్నీ మంచివే చెబుతాడు. వస్తువులతో వచ్చే పుస్తకాలూ అంతే. ఒక్కటైనా "ఈ పని ఇది సరిగ్గా చేయదు" అని ఒప్పుకోదు. కానీ 1971 నవంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో యూనిక్స్ అనే సాఫ్ట్‌వేర్‌కి ఒక సూచనల పుస్తకం తయారైంది. కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ అనే ఇద్దరు దాన్ని తయారుచేశారు. ఒక్కో ఆదేశానికి ఒక్కో చిన్న పుట. పేరేమిటి, ఎలా వాడాలి, ఏం చేస్తుంది, చివర "బగ్స్", అంటే లోపాలు. తాము రాసిన ప్రోగ్రాములో ఏది పనిచేయదో తామే రాసుకున్నారు! ఆ పద్ధతి ఇప్పటికీ ఉంది.

నాకు ఈ నిజాయితీ చాలా నచ్చింది. "సిగ్నలు సరిగా లేకపోతే డబ్బు మీ ఖాతాలోంచి పోయి, అవతలివాళ్ళకి వెంటనే చేరకపోవచ్చు. కంగారుపడి మళ్ళీ పంపకండి. ముందు ఇక్కడ చూడండి" అని చెల్లింపు తెర మీద ముందే ఉంటే కొట్టు ముందు నిలబడి ఎంతమంది చెమటలు పట్టకుండా బతికేవాళ్ళు!

గరాటుతో పోస్తే బుర్రకెక్కదు

1980ల మొదట్లో ఐబీఎం కంపెనీలో జాన్ కారొల్ అనే పరిశోధకుడు ఒక పని చేశాడు. అప్పుడే కొత్తగా వచ్చిన కంప్యూటరు టైపింగు యంత్రాల ముందు, ఆఫీసుల్లో తాత్కాలికంగా పనిచేసే ఉద్యోగుల్ని కూర్చోబెట్టాడు. పక్కన కంపెనీవారి లావుపాటి పుస్తకం పెట్టాడు. మనసులో ఏమనుకుంటున్నారో పైకి చెబుతూ పనిచేయమన్నాడు. తను చూస్తూ కూర్చున్నాడు.

ఏం తేలింది? ఎవరూ పుస్తకం వరుసగా చదవలేదు. చదివేలోపే చేసి చూద్దామని ముందుకు దూకారు. ఉత్తరం టైపు చేయడానికి వచ్చినవాళ్ళకి ఉత్తరం కావాలి గానీ యంత్రం గొప్పతనం గురించి ఉపన్యాసం అక్కర్లేదు. ఎక్కడో ఒకచోట దారి తప్పేవారు. తప్పితే వెనక్కి ఎలా రావాలో ఆ పుస్తకంలో దొరికేది కాదు.

అప్పుడు కారొల్ బృందం పుస్తకాన్ని బాగా చిన్నది చేసి తిరగరాసింది. ఉపోద్ఘాతాలు తీసేశారు. మొదటి పుటలోనే పని మొదలు. ఎక్కడెక్కడ జనం దారి తప్పుతున్నారో చూశారు కాబట్టి, అక్కడక్కడ "ఇలా అయితే ఇలా చేయండి" అని రాశారు. చిన్న పుస్తకంతో నేర్చుకున్నవాళ్ళు లావు పుస్తకంతో నేర్చుకున్నవాళ్ళ కంటే త్వరగా, బాగా నేర్చుకున్నారు. మనుషులు మారలేదు, రాత మారిందంతే! 1990లో కారొల్ దీని మీద ఒక పుస్తకం తెచ్చాడు. దాని పేరు "న్యూరెంబర్గ్ గరాటు". నెత్తిమీద గరాటు పెట్టి చదువు పోసేయవచ్చునని జర్మన్లలో ఒక పాత వేళాకోళం ఉంది. అలాంటి గరాటు లేదని చెప్పడమే ఆయన ఉద్దేశం.

కాబట్టి "నీకు చెప్పినా అర్థం కాదు" అని ఎవరైనా అంటే, "చెప్పడం మీకు రాలేదేమో చూసుకోండి" అనడానికి మన దగ్గర ఆధారం ఉంది.

పనిముట్లు మారాయి, పని మారలేదు

రోలు పోయి గ్రైండరు వచ్చినట్టు ఈ రచయితల పనిముట్లూ మారుతూ వచ్చాయి. 1970ల చివర బెల్ ప్రయోగశాలలోనే లోరిండా చెర్రీ, నీనా మెక్‌డొనాల్డ్ వంటివారు, రాసిన వాక్యం మరీ పొడుగైందా, మాట మరీ బరువైందా అని చూసిపెట్టే ప్రోగ్రాములు తయారుచేశారు. 1986లో ఫ్రేమ్‌మేకర్ వచ్చింది. లావు పుస్తకాలు కంప్యూటరులోనే అచ్చుకి సిద్ధమయ్యాయి. 1990లలో రోబోహెల్ప్ లాంటివి వచ్చాక పుస్తకం తెర లోపలికి వెళ్ళింది. కంప్యూటరు నేర్చుకున్నవాళ్ళకి ఎఫ్ వన్ బటన్ గుర్తుండే ఉంటుంది. నొక్కితే సహాయం వచ్చేది.

2004లో మార్క్‌డౌన్ అనే తేలిక పద్ధతి వచ్చి, ప్రోగ్రాము రాసేవాళ్ళూ సూచనలు రాసేవాళ్ళూ ఒకేచోట కూర్చుని పనిచేసే వీలు కలిగించింది. 2005లో డీటా అనే ప్రమాణం వచ్చింది. అల్లం వెల్లుల్లి ముద్ద ఒకసారి నూరి పెట్టుకుని నాలుగు కూరల్లో వేసుకున్నట్టు, ఒక చిన్న ముక్క ఒకసారి రాసి పెట్టుకుంటే పది పుస్తకాల్లో వాడుకోవచ్చు. సౌకర్యమే. అయితే ముద్ద పాడైతే కూరలన్నీ పాడవుతాయని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా!

ఏ పనిముట్టు వచ్చినా ఒక్కటి మాత్రం చేయలేదు. వాడేమనిషి పక్కన కూర్చుని, ఆవిడ వేలు ఎక్కడ ఆగిపోయిందో చూడడం. అది రచయితే చేయాలి.

"లబ్ధిదారు" ఎవరమ్మా?

విమానాలు బాగుచేసే మెకానిక్కులకి అన్ని దేశాల్లోనూ ఇంగ్లీషు సరిగా రాదు. మాట తప్పుగా అర్థమైతే ప్రాణాలు పోతాయి. అందుకని 1980లలో యూరప్ విమాన పరిశ్రమవారు ఒక తేలిక ఇంగ్లీషు తయారుచేసుకున్నారు. వాడదగ్గ మామూలు మాటలకి ఒక జాబితా, ఒక మాటకి ఒకే అర్థం. పని చెప్పే వాక్యం 20 మాటలు దాటకూడదు. ఇంగ్లీషుకే ఇంత జాగ్రత్త అవసరమైతే తెలుగుకి ఎంత ఉండాలి?

మా పక్కింటి పిన్నిగారు ఒకరోజు ఫోను పట్టుకుని వచ్చారు. "ఏమ్మా, ఇందులో లబ్ధిదారుని జోడించండి అంటోంది. పెన్షను వచ్చేవాళ్ళ లిస్టులో నా పేరు ఎక్కిస్తారా ఏమిటి?" అన్నారు. నవ్వొచ్చింది గానీ ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? మన పత్రికల్లో, సభల్లో లబ్ధిదారు అంటే ప్రభుత్వ పథకం అందుకునేవాళ్ళే. బ్యాంకు యాప్‌వాళ్ళ ఉద్దేశం మాత్రం మనం డబ్బు పంపబోయే మనిషి. "డబ్బు ఎవరికి పంపాలి? వాళ్ళ వివరాలు ఇక్కడ రాయండి" అంటే సరిపోయేది.

ఇలాంటివి ఎన్నో. టిక్కెట్టు యాప్‌లో "బుక్" అన్నచోట "పుస్తకం" అని వస్తుంది. "సబ్మిట్" కాస్తా "సమర్పించు" అవుతుంది, దేవుడికి నైవేద్యంలా! "రద్దు చేయాలనుకుంటున్నారా?" అని అడిగి కింద "రద్దు", "అవును" అని రెండు బటన్లు పెడతారు. రద్దు నొక్కితే ఏది రద్దవుతుంది? టిక్కెట్టా, రద్దు చేసే పనా? నడిచే బండిలో కూర్చుని ఈ పొడుపుకథ విప్పాలి.

ఎందుకిలా జరుగుతుంది? తర్జుమా చేసేవాళ్ళకి భాష రాక కాదు. చాలాసార్లు వాళ్ళకి యాప్ చూపించరు. తెర మీద మాటలన్నీ విడగొట్టి, పట్టికలో వరుసగా పెట్టి ఇస్తారు. "బుక్" అని ఒక్క ముక్క ఉంటే అది పుస్తకమో, బుకింగో ఎలా తెలుస్తుంది? పైగా ఇంగ్లీషు వాక్యాన్ని ముక్కలు చేసి, మధ్యలో మన పేరూ డబ్బూ అతికించేలా యంత్రాన్ని తయారుచేస్తారు. ఇంగ్లీషులో క్రియ ముందొస్తుంది, తెలుగులో చివరికొస్తుంది. మన విభక్తులు మాటకి అంటుకుని ఉంటాయి. అతికిస్తే "చెల్లించబడింది సీత కు 500" లాంటి వాక్యాలు పుడతాయి. తెలుగు వాక్యం తెలుగు వాక్యంగా పుట్టాలంటే మొదట్నుంచీ తెలుగు రాసేమనిషి ఆ పనిలో ఉండాలి.

మంచి ఉదాహరణ లేకపోలేదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో సహాయం పుటలన్నీ జీతం లేకుండా పనిచేసేవాళ్ళే తెలుగులో రాసుకున్నారు. అందరూ చేరి మాట్లాడుకునే చోటుని ఇంగ్లీషువాళ్ళు "ఊరి పంపు" అన్నారు. మనవాళ్ళు దాన్ని మక్కీకి మక్కీ దింపలేదు. "రచ్చబండ" అన్నారు! ఆ మాట చూడగానే అక్కడ ఏం చేస్తారో వేరే చెప్పాలా? అనువాదానికీ రాయడానికీ తేడా ఆ ఒక్క మాటలో ఉంది.

మర రాస్తే సరిపోదా?

"ఇంకా రచయితలెందుకండీ, కృత్రిమ మేధ రాసి పెడుతుంది కదా" అంటారు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఈ మాట మరీ ఎక్కువైంది. అదే ఏడాది కేంద్ర ప్రభుత్వం మన భాషల అనువాదం కోసం భాషిణి ప్రారంభించింది. అమెరికాలో 1950ల నుంచీ ఉన్న టెక్నికల్ రచయితల పెద్ద సంఘం, సొసైటీ ఫర్ టెక్నికల్ కమ్యూనికేషన్, 2025 జనవరిలో దివాలా ప్రకటించి మూతపడింది. కాబట్టి ఈ వృత్తిలో అంతా పచ్చగా ఉందని నేను చెప్పను.

మర రాసే తెలుగు ఇదివరకటి కంటే బాగుపడింది, నిజమే. వాక్యం నున్నగా ఉంటుంది. చిక్కల్లా అక్కడే ఉంది. తప్పుడు తెలుగైతే చదవగానే అనుమానం వస్తుంది. నున్నని తెలుగులో తప్పు విషయం ఉంటే అనుమానమే రాదు. "కుడివైపు పైన ఆకుపచ్చ బటన్ నొక్కండి" అని ధీమాగా చెబుతుంది. అక్కడ బటన్ ఉందో లేదో అది చూడలేదు. రుచి చూడకుండా వండిన వంట అది. మర చిత్తుప్రతి రాయనివ్వండి, నాకభ్యంతరం లేదు. కానీ ఒక మనిషి ఆ మాట ప్రకారం ప్రతి అడుగూ చేసి చూశాకే అది మన ముందుకు రావాలి. ఆ మనిషికి జీతం ఇవ్వాలి.

"వీడియో చూస్తే పోలా?" అనేవాళ్ళూ ఉన్నారు. వీడియోలు మంచివే. కానీ కౌంటరు దగ్గర వెనక పదిమంది నిలబడి ఉండగా ఎనిమిది నిమిషాల వీడియో చూడలేం. కావలసిన ఒక్క అడుగు అందులో ఎక్కడుందో వెతకలేం. పైగా "కస్టమర్ కేర్ నంబరు ఇదే" అని మోసగాళ్ళు పెట్టిన తప్పుడు నంబర్లు బయట చాలానే తిరుగుతున్నాయి. సంస్థ తన మాట తన తెర మీద తానే సరిగా చెప్పాలి. ఆ బాధ్యత ఊళ్ళోవాళ్ళకి వదిలేయడం ఏం న్యాయం?

మనం చేయగలిగింది

మొదటిది, అడగడం. పురుగుమందుల డబ్బాతో వచ్చే కాగితం హిందీ, ఇంగ్లీషులతో పాటు అది అమ్మే ప్రాంతం భాషలో కూడా ఉండాలని 1971 నాటి నియమాలు చెబుతున్నాయి. బ్యాంకుల్లో ఫారాలు, పాసుపుస్తకాలు ఇంగ్లీషు, హిందీ, ప్రాంతీయ భాషల్లో ఉంచాలని రిజర్వు బ్యాంకు చెబుతోంది. ఫోను తెర మీద మాటల విషయంలోనూ అదే పట్టుదల కావాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో తెలుగు మాతృభాష అయినవాళ్ళు 8 కోట్ల 11 లక్షల పైమాటే. ఏ కంపెనీకైనా ఇది చిన్న బేరం కాదు. యాప్‌లో అభిప్రాయం రాసే చోటు ఉంటుంది. "ఫలానా తెర మీద ఫలానా మాట అర్థం కాలేదు" అని తెలుగులోనే రాయండి. ఒకరు రాస్తే పట్టించుకోరు. వెయ్యిమంది రాస్తే కూర్చుని చదువుతారు.

రెండోది, ఇంట్లో మన పెద్దవాళ్ళకి మనమే రాసిపెట్టడం. పుట్టింటికి వెళ్ళేటప్పుడు మోటారు ఎప్పుడు వేయాలో, పాలవాడికి ఎంత ఇవ్వాలో చీటీ రాసి ఫ్రిజ్‌కి అంటించేది ఎవరు? ఆ విద్య మనకి కొత్తేం కాదు. నాలుగు సంగతులు గుర్తుంచుకుంటే చాలు. ఒక వాక్యంలో ఒక పనే చెప్పండి. ఒక వస్తువుని చివరిదాకా ఒకే పేరుతో పిలవండి. నొక్కాక తెర మీద ఏం కనిపించాలో చెప్పండి, అది కనిపించకపోతే ఏం చేయాలో కూడా చెప్పండి. జాగ్రత్త ఎప్పుడూ పనికి ముందే చెప్పండి. "కుక్కరు మూత తీయండి, తీసేముందు ఆవిరి పోయిందో లేదో చూడండి" అని రాస్తే, మొదటి ముక్క చదవగానే మూత తీసేవాళ్ళ చేయి కాలిపోతుంది. రాసిచ్చాక ఫోను మీరు ముట్టుకోకుండా, పిన్ అడగకుండా, వాళ్ళనే చేయనిచ్చి పక్కన కూర్చోండి. వేలు ఎక్కడ ఆగిందో అక్కడ చీటీ మార్చండి.

మూడోది, మనలో డిగ్రీలు చదివి, చక్కని తెలుగు రాయగలిగి, ఇంట్లో ఉన్నవాళ్ళు ఎందరో. కథల పోటీలకీ వంటల పేజీలకీ రాస్తున్నాం. "తగినంత ఉప్పు" అనే మాటతో వంట రానివాళ్ళు పడే అవస్థ తెలిసినవాళ్ళం. ఈ పనికి కావలసింది అదే చూపు. బ్యాంకులు, యాప్‌లు తయారుచేసే సంస్థలు తెలుగు తర్జుమాని మాటకింత అని బేరమాడి చేయించుకోవడం మాని, తెలుగు రాసేవాళ్ళని మొదట్నుంచీ పనిలో కూర్చోబెట్టుకోవాలి. బయటికి వదిలేముందు నరసరావుపేటలోనో, జనగామలోనో ఒక అరవై ఏళ్ళావిడ చేతికిచ్చి, నోరు మూసుకుని చూడాలి. ఆవిడ ఎవర్నీ అడక్కుండా తన పెన్షను డబ్బు తన చెల్లెలికి పంపగలిగితే ఆ రాత పాసైనట్టు. పంపలేకపోతే ఫెయిలైంది రాత. ఆవిడ కాదు.